తార్నాకలో తెర వెనక ఒక వారం

నోరు మూసుకుని ఒక్క పూట కూడా ఉండలేనని మా అక్క నన్ను చిన్నప్పటి నుంచీ ఏడిపిస్తూనే ఉంది. ఆమె అనేదాంట్లో తప్పేమీ లేదు. ఏలూరులో హైస్కూలు పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పడం నా ఉద్యోగం, బడి లేనప్పుడు ఊళ్ళు తిరిగి వచ్చి ఇక్కడ రాయడం నా వ్యాపకం. రెండింటికీ వాగుడు కావాలి. ఆశ్రమంలో సేవకు ఒంటరిగా వెళ్తే ఎలా ఉంటుందో రాయమని మీలో చాలామంది అడుగుతున్నారు, ముఖ్యంగా ఆడవాళ్ళు. పేరున్న ఆశ్రమాల గురించి రాసేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు కాబట్టి ఎవరికీ పెద్దగా తెలియని చోటు కోసం వెతుకుతుంటే, మా స్కూల్లో పనిచేసే ఒకావిడ హైదరాబాద్ తార్నాకలో, యూనివర్సిటీ క్యాంపస్ గోడను ఆనుకుని ఉన్న ఒక చిన్న ఆశ్రమం సంగతి చెప్పింది. మే నెలలో అక్కడివాళ్ళంతా బదరీ యాత్రకు వెళ్తారట, ఆ వారం చూసుకోవడానికి ఒక మనిషి కావాలట. మాట్లాడకుండా చేసే సేవ అని కూడా చెప్పింది. సేవలో ఉన్నంతసేపు ఒక్క మాట కూడా మాట్లాడనని అక్కతో పందెం కట్టి మరీ బయల్దేరాను.

ఏలూరులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగుతాం. అక్కణ్ణుంచి మెట్రోలో మెట్టుగూడ దాటగానే తార్నాక, టికెట్ ముప్పై రూపాయల లోపే. స్టేషన్ మెట్లు దిగగానే టిఫిన్ బండ్లు వరసగా ఉంటాయి, కోచింగ్ సెంటర్లకు పోయేవాళ్ళు నిలబడే తింటుంటారు. నేనూ అలాగే రెండు ఇడ్లీ, ఒక వడ తిని ఆటో మాట్లాడుకున్నాను. అరవై రూపాయలు అడిగాడు, బేరమాడలేదు. క్యాంపస్ గోడ వెంబడి కొంత దూరం పోయాక డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఆశ్రమమంటే గోడ పక్కనున్నదేనా మేడమ్? ఎవరైనా ఉన్నరా అండ్ల?"

"లేకపోతే నన్నెందుకు రమ్మంటారు?"

"ఏమో మేడమ్. నేనెప్పుడు సవారీని దింపినా గేటు తెరిచే ఉంటది, మనిషైతే కనబడడు. పరేషాన్ కాకండ్రి, మంచి జాగనే."

పరేషాన్ కావద్దని చెప్పడానికి ముందు పరేషాన్ చేసేవాళ్ళంటే నాకు భలే మంట. కానీ అతను చెప్పింది నిజమే. గేటు బార్లా తెరిచి ఉంది. లోపల నాలుగు గదులు, ఒక హాలు, వెనక వంటిల్లు, నున్నగా ఊడ్చిన వాకిలి. గోడకు అవతల క్యాంపస్ బండరాళ్ళు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. సెలవులు కావడంతో హాస్టళ్ళు ఖాళీ, గోడ మీద నెమలి ఒకటి నన్ను చూసి కూడా కదలలేదు.

ఆశ్రమం బాధ్యతలు చూసే సుశీలమ్మగారు గుంటూరు వైపు మనిషి, అప్పటికే యాత్రకు సామాను సర్దుకుని కూర్చున్నారు. తాళాలు ఇచ్చి, వంట సంగతి యాదమ్మ చూసుకుంటుందని చెప్పి, నన్ను స్వామివారి గదికి తీసుకెళ్ళారు. స్వామివారు పోయి చాలా ఏళ్ళయింది. కాలేజీలో లెక్కలు చెప్పి, తర్వాత సన్యాసం తీసుకున్న మనిషట. చివరి రోజుల్లో జబ్బుతో మాట పోయింది. అయినా జనం వచ్చి బాధలు చెప్పుకోవడం మానలేదు. అందుకని మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా కాషాయం తెర వేసుకుని లోపల మంచం మీద పడుకునేవారు, బయట కూర్చున్నవాళ్ళు చెప్పుకున్నది అయిపోయాక చేతి గంట ఒకసారి మోగించేవారు. విన్నాను అని దాని గుర్తు, అంతకంటే మరేమీ కాదు. ఆయన పోయాక కూడా అది ఆగలేదు. ఇప్పుడు తెర వెనక ఎవరో ఒకరు కూర్చుని ఆ గంట కొడతారు. ఆ వారం ఆ ఎవరో ఒకరు నేనే.

"లోపల మాట్లాడకూడదమ్మా. తెర తీసి చూడకూడదు. ఎవరేం చెప్పినా, అయిపోయాక ఒక్కసారి గంట కొట్టాలి. సలహాలివ్వాలని నోరు దురదపెడుతుంది, ఆపుకోవాలి," అన్నారు సుశీలమ్మగారు. మా అక్క ఈవిడకు ఫోన్ చేసి ఉంటుందని నాకు గట్టి అనుమానం.

గదిలో నవారు మంచం మీద తెల్ల దుప్పటి, దిండు, పక్కన స్టూలు మీద నీళ్ళ గ్లాసు, కళ్ళజోడు ఉన్నాయి. స్వామివారి కోసం ఇప్పటికీ కూలర్ ఆడుతూ ఉంటుంది. నేను కూర్చోవడానికి గోడ వారగా చిన్న పీట వేశారు. మొదటి మధ్యాహ్నం లోపలికి వెళ్ళేసరికి దిండు మధ్యలో తల పెట్టినట్టు గుంట పడి ఉంది. యాత్ర హడావుడిలో సర్దడం మరిచిపోయారనుకుని దిండు దులిపి సాపు చేశాను. మర్నాడు వెళ్ళేసరికి మళ్ళీ గుంట ఉంది. అప్పటికి ఆశ్రమంలో నేను తప్ప ఇంకొకరు లేరు. వంటింట్లో గిన్నెలు తోముతున్న యాదమ్మను అడిగాను. ఆమె అంబర్‌పేట్ నుంచి పొద్దున్నే వచ్చి సాయంత్రం పోయే మనిషి, చాలా ఏళ్ళుగా ఇక్కడ వంట చేస్తోంది.

"దిండు నువ్వు సాపు చేసినవా అమ్మా? చెయ్యకు. ఆయన పండుకునే జాగ అది," అంది, ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినంత మామూలుగా.

ఆ తర్వాత దిండు జోలికి పోలేదు. భయపడ్డానా అంటే భయపడ్డాను. కానీ రెండు దాటితే జనం రావడం మొదలయ్యేది, వాళ్ళ మాటల్లో పడి మంచం సంగతి మరిచిపోయేదాన్ని. గ్రూప్స్ పరీక్షకు మూడోసారి చదువుతున్న అమ్మాయి ఒకామె వచ్చి, ఇంట్లో వాళ్ళకు ఫోన్ చేయాలంటే సిగ్గుగా ఉందని చెప్పుకుని ఏడ్చింది. ఒకాయన తమ్ముడితో మాటలు లేవని చెప్పాడు. మరొకావిడ ఏమీ చెప్పలేదు, తెర ముందు కూర్చుని కాసేపు నిద్రపోయి లేచి వెళ్ళింది. ఎవరి ముఖమూ నాకు కనబడేది కాదు, తెర కింద నుంచి పాదాలు కనబడేవి. వాళ్ళు ఆపగానే గంట కొట్టేదాన్ని. ఆ చప్పుడు వినగానే యాదమ్మ వాళ్ళకు గ్లాసుతో మజ్జిగ ఇచ్చి పంపేది, అది ఇక్కడి పద్ధతి. వచ్చినవాళ్ళకు లోపల మనిషి ఉంటుందని తెలుసు, తెలిసీ స్వామీ అనే పిలిచేవారు. వాళ్ళు అలా పిలిచినప్పుడల్లా నేను మంచం వైపు ఒకసారి చూసేదాన్ని.

వారం సగానికి వచ్చిన రోజు ఒక పెద్దాయన వచ్చాడు. గొంతులో రాయలసీమ యాస, కాళ్ళకు తెల్ల దారంతో కుట్టించుకున్న తోలు చెప్పులు. పాత అలవాటున్న మనిషిలాగా, కూర్చుంటూనే మొదలుపెట్టాడు. పేరు ఓబుల్ రెడ్డి, గవర్నమెంటు ఆఫీసులో చేసి రిటైరై హబ్సిగూడలో ఉంటున్నాడు. భార్య లక్ష్మీదేవికి కిడ్నీలు పోయాయి, దినం విడిచి దినం డయాలిసిస్.

"సూది గుచ్చేటప్పుడు అది నా చెయ్యి పట్టుకుంటాది స్వామీ. అప్పుడు నా మొకం చూడదు. చెయ్యంతా నల్లగ కమిలిపోయినాది. ఇంటికొచ్చినాంక గోడకల్లా తిరిగి పండుకుంటాది. ఇది బతుకేనా. రేప్పొద్దున మళ్ళ తీసుకుపోవాల. నేను తీసుకుపోను స్వామీ. మిషన్ చెడిపోయినాది, బాగైనాంక పిలుస్తారంట అని చెప్తా. అది నమ్ముతాది. నిమ్మళంగ పోతాది." చెప్పులు తెర దగ్గరికి జరిగాయి. "నువ్వు అందరికీ గంట కొడ్తావని తెల్సు. ఈపొద్దు మాత్రం అట్ల కొట్టొద్దు. నేను చేసేది సరైందైతేనే కొట్టు. తప్పైతే ఊరుకో, రేపు ఎప్పటిలాగనే తీసుకుపోతా."

కొట్టడం నా పని, కొట్టకపోతే నియమం తప్పినట్టు. కొడితే ఎక్కడో హబ్సిగూడలో గోడవైపు తిరిగి పడుకున్న ఒక మనిషి ప్రాణం నా చేత్తో తీసినట్టు. గంటను ఒళ్ళో పెట్టుకుని, కదిలితే ఎక్కడ మోగుతుందోనని దాని నాలుకను రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకున్నాను. కూలర్ హోరు తప్ప ఏమీ లేదు. ఆయన చెప్పులు కదలకుండా అలాగే ఉన్నాయి. వెళ్ళిపో నాయనా, గంట మోగలేదు, వెళ్ళి రేపు ఆమెను తీసుకుపో అని లోలోపల మొక్కుకుంటూ కూర్చున్నాను. చివరికి ఆయన "సరే స్వామీ" అని నెమ్మదిగా లేచాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది, అంత తేలికపడ్డాను.

కాసేపటికి యాదమ్మ వాకిట్లోంచి గ్లాసు తీసుకుపోతూ కనబడితే గంట చేతిలో పట్టుకునే తెర పక్కనుంచి బయటికి వచ్చి, ఆ పెద్దాయన మజ్జిగ తాగకుండానే వెళ్ళిపోయాడు కదా అన్నాను.

"తాగకుండ ఎట్ల పోతడు? గంట ఇనపడంగనే ఇచ్చిన."

"గంట కొట్టలేదు యాదమ్మా."

"కొట్టినవమ్మా. పొయ్యి కాడికి ఇనపడ్డది." ఆమె నా వైపు చూసింది, నా వేళ్ళు ఇంకా గంట నాలుకనే పట్టుకుని ఉండటం చూసింది. ఐస్ బండి గంట ఏదైనా అయ్యుంటుందేమో అన్నాను. "ఈ ఎండల ఏ బండి వస్తదమ్మా," అని నీళ్ళ బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. నాకు వెనక్కి తిరిగి మంచం వైపు చూడ్డానికి ధైర్యం చాలలేదు.

యాదమ్మకు వినబడిందంటే ఆయనకూ వినబడే ఉంటుంది. చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటి పరుగెత్తాను. రోడ్డు మీద మనిషన్నవాడు లేడు. గోడ వెంబడి, బండరాళ్ళ పక్కనుంచి, ఖాళీ బస్‌స్టాప్ దాటి మెట్రో లైను దాకా వచ్చేసరికి అరికాళ్ళు బొబ్బలెక్కాయి. స్టేషన్ కింద చెరకు రసం బండి దగ్గర, నీడలో, ఆ తెల్ల దారం చెప్పులు కనబడ్డాయి. సన్నటి మనిషి, ఒక చేతిలో మడిచిన గొడుగు, ఇంకో చేతిలో రసం గ్లాసు. పేరు పెట్టి పిలిచాను. నేను ఆశ్రమం నుంచి వచ్చానని, లోపల కూర్చున్నది నేనేనని చెప్పాను.

"గంట మోగినాది కదమ్మా, ఇంకేమి," అన్నాడు. ముఖం చాలా ప్రశాంతంగా ఉంది.

నేను కొట్టలేదని చెప్పడానికే అంత దూరం పరుగెత్తాను. అప్పుడు అర్థమైంది, ఆ నిజం చెబితే ఏమవుతుందో. నేను కొట్టకపోతే మరి కొట్టిందెవరు? సాక్షాత్తు స్వామే సరేనన్నాడని ఆయన ఇంటికి పోతాడు. రేపు మిషన్ చెడిపోతుంది. నా నోటికి అబద్ధం ఎప్పుడూ అంత త్వరగా రాలేదు.

"నేనే కొట్టానండీ. అందరికీ కొడతాం, అది అక్కడి రూలు. మీరు కొట్టొద్దన్నది విన్నాను, కానీ కొట్టకపోతే తప్పవుతుందేమోనని చెయ్యి దానంతటదే పోయింది."

ఆయన ముఖంలో ప్రశాంతత పోయి కోపం వచ్చింది. "రూలని కొట్టేస్తివా? మనిషి ప్రాణం గురించి అడిగితే రూలని కొట్టేస్తివా నువ్వు? ఏమి చదువుకున్నావమ్మా?" బండి దగ్గరున్నవాళ్ళు మా వైపు చూశారు. చెయ్యని తప్పుకు అన్ని తిట్లు తిన్నా నాకు హాయిగానే ఉంది. ఆయన ఆగాక, "ఆమెను అడిగారా?" అన్నాను.

"ఏమని అడగాల? చస్తావా అని అడగాల్నా?"

తాగని రసం గ్లాసును బండి మీద పెట్టేసి, హబ్సిగూడ వైపు నడిచి వెళ్ళిపోయాడు.

మర్నాడు రెండింటికి మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళాలి. ఒకరి గంటను నాదని చెప్పుకుని వచ్చాను, వాళ్ళ గదిలోకే వెళ్ళి కూర్చోవాలి. గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడి, చివరికి వెళ్ళి పీట మీద కూర్చున్నాను. ఎవరూ రాలేదు. కొంతసేపటికి కరెంటు పోయింది. కూలర్ ఆగిన ఆ నిశ్శబ్దంలో నవారు మంచం కిర్రుమంది, నిద్రలో ఎవరో అటు నుంచి ఇటు తిరిగినట్టు. "అబద్ధం చెప్పక తప్పలేదండీ, ఆమెను చంపుతాడని భయమేసింది," అని పైకే అనేశాను. అక్కతో కట్టిన పందెం ఓడిపోయాను. మంచం మళ్ళీ చప్పుడు చేయలేదు. ఆమెను తీసుకెళ్ళాడో లేదో తెలుసుకునే దారి లేదు. ఆయన ఇల్లెక్కడో యాదమ్మకూ తెలియదు. ఆ రోజూ, తర్వాతి రోజూ అన్నం సరిగ్గా తినలేకపోయాను.

చివరి మధ్యాహ్నం వాకిట్లో చక్రాల చప్పుడైంది. తెర కింద వీల్ చైర్ చక్రాలు ఆగాయి, వాటి పక్కనే తెల్ల దారం చెప్పులు. కాళ్ళు పెట్టే చోట వాచిన పాదాలు, వెండి మెట్టెలు బిగుసుకుపోయి ఉన్నాయి. అవి చూడగానే నాకు కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

"స్వామీ, నేను లక్ష్మీదేవిని," అందామె. బలహీనమైన గొంతే కానీ మాట గట్టిది. "ఈయన నాకంతా చెప్పినాడు. మిషన్ చెడిపోయిందని చెప్పాలనుకున్నాడంట. ఈయన అబద్ధమాడితే నాకు తెలీకుండా పోయినాదా ఏపొద్దన్నా. నాకు విసుగొస్తే నేనే చెప్తాను, అప్పుడు ఆపుదువులే అన్నా. అందాక పోతాం. నిన్న కూడ పోయొచ్చినాం." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నేను అడిగేది వేరే. బంగినపల్లి కాలం అయిపోతాంది. తినగూడదని డాక్టరన్నాడని ఈయన ఇంట్లోకే తేడు. పక్కింటోళ్ళు కోస్తే వాసనొస్తాది. ఒక్క ముక్క స్వామీ. తినమంటే గంట కొట్టు, వద్దంటే ఊరుకో."

"ఏందే, స్వామిని అడిగేదా ఇది?"

"నువ్వు అడిగినదానికంటే నయమే."

నవ్వు ఆపుకుంటూ, గంట కోసం చెయ్యి చాచాను. అది పీట పక్కన నేల మీద ఉంది. నా వేళ్ళు దానికి తగలకముందే గంట మోగింది. చిన్న చప్పుడు, స్పష్టంగా, మంచం తలవైపు నుంచి. ఈసారి నేనూ విన్నాను. నేల మీది గంట కదల్లేదు. తర్వాత దాన్ని అందుకుని నా వంతు గంట నేనూ ఒకసారి కొట్టాను.

బయట లక్ష్మీదేవిగారు అంటున్నారు: "ఇన్నావా? రెండుసార్లు కొట్టినాడు. రెండు ముక్కలు."

ఓబుల్ రెడ్డిగారు ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు వినబడింది, తర్వాత "సరే పదా, డాక్టర్నడిగి తెస్తాలే" అన్నాడు. యాదమ్మ ఇద్దరికీ మజ్జిగ తెచ్చింది.

సుశీలమ్మగారు తిరిగొచ్చాక తాళాలు అప్పగించాను, ఈ సంగతి చెప్పలేదు. ఆవిడ దిండు వైపు ఒకసారి చూశారు. పిల్లలకు ప్రతిదానికీ కారణం చెప్పడం నా ఉద్యోగం, దీనికి మాత్రం కారణం దొరకలేదు. మొదటిసారి మోగిన గంట ఆయన అనుకున్నట్టు సరేనన్న గంటా, లేక విన్నాను అన్న మామూలు గంటా అని ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను. నా అబద్ధం లేకపోతే ఏమయ్యేదోనని తలుచుకుంటే భయమేస్తుంది. ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళమంటే వెళ్తాను, కానీ ఒంటరిగా ఉన్నానని మాత్రం అనుకోను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒకటే సలహా. అక్కడ ఉండటానికి, భోజనానికి డబ్బు తీసుకోరు, మధ్యాహ్నం రెండు తర్వాత ఎవరైనా తెర ముందు కూర్చోవచ్చు. కానీ ఇంట్లో ఒక మనిషి గురించి ఏదైనా అడగడానికి వెళ్తున్నట్టయితే, ఆ మనిషిని కూడా వెంట తీసుకెళ్ళండి. ఆటో గేటు దాకా వస్తుంది, ఎక్కడా మెట్లు లేవు, వీల్ చైర్ తెర దాకా పోతుంది.